రెక్కల చట్టాలు వచ్చాయి, సొరచేపల చావులు తగ్గలేదు

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వాళ్లకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

సొరచేపల మీద ప్రసంగం అనగానే చాలామందికి కళ్ల ముందుకొచ్చేది ఒకటే వీడియో. పడవ మీద సొరచేప రెక్కలు కోసి, ఇంకా బతికే ఉన్న చేపని సముద్రంలోకి తోసేస్తారు, అది ఈదలేక అడుగుకి మునిగిపోతుంది. మీలో సగం మందైనా అది చూసే ఉంటారు. అందులో చూపించింది నిజమే, ఆ దారుణం మీద వచ్చిన కోపమూ న్యాయమైనదే. ఆ కోపం వల్లే దేశాలు చట్టాలు చేశాయి, అంతర్జాతీయ ఒప్పందాలు వచ్చాయి, విమానయాన సంస్థలు రెక్కలు మోయం అన్నాయి. ఇంత జరిగాక ఏటా చచ్చే సొరచేపల సంఖ్య ఎంత తగ్గి ఉండాలి? తగ్గలేదండి. 2024 జనవరిలో సైన్స్ పత్రికలో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. 2012లో వేటలో చచ్చినవి కనీసం 7.6 కోట్లు అయితే 2017కి అది 8 కోట్లయింది, అందులో దాదాపు 2.5 కోట్లు అంతరించే ప్రమాదంలో ఉన్న జాతులవి. మరోవైపు రెక్కల కోతని అడ్డుకునే నిబంధనలు పది రెట్లకి పైగా పెరిగాయి. ఆ రెండూ కలిసే పెరిగాయన్నమాట.

అందుకని ఈ రోజు నేను ఏ చట్టం గురించి మాట్లాడినా, ఏ ఒప్పందం గురించి మాట్లాడినా ఒక్కటే ప్రశ్న అడుగుతాను: దీనివల్ల చచ్చేవి తగ్గాయా, లేదా? మిగతావన్నీ దాని తర్వాతే.

ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా ఏటా పది కోట్ల సొరచేపలు అనే అంకె కనిపిస్తుంది, అది 2013లో వచ్చిన వేరే అధ్యయనంలోది. ఆ అంచనా 6.3 కోట్ల నుంచి 27.3 కోట్ల మధ్య ఎక్కడైనా ఉండొచ్చని అది రాసినవాళ్లే చెప్పారు, కానీ పోస్టర్ మీద అంత పొడుగు వాక్యం పట్టదు కదా, పది కోట్లు మిగిలింది. ఆ పద్ధతి వేరు, 2024 పద్ధతి వేరు. కాబట్టి పది కోట్ల నుంచి ఎనిమిది కోట్లకి తగ్గిందని లెక్క వేసుకుని సంతోషపడకండి.

మరి రెక్కల చట్టం ఎందుకు పని చెయ్యలేదు? చేసింది, కానీ వేరే పని చేసింది. రెక్కల కోత ఎందుకు పుట్టిందో చూడండి. పెద్ద సొరచేప మాంసం బరువెక్కువ, ధర తక్కువ, పడవలో చోటు తినేస్తుంది, పైగా దాని రక్తంలో ఉండే యూరియా వల్ల సరిగ్గా శుభ్రం చెయ్యకపోతే అమ్మోనియా కంపు కొడుతుంది. రెక్కలు తేలిక, ఎండబెడితే పాడవ్వవు, బాగా ఖరీదు. అందుకే రెక్కలు ఉంచుకుని మిగతాది పారేసేవాళ్లు. చట్టం ఏమంది? పారేయొద్దు, చేప మొత్తాన్నీ ఒడ్డుకి తెమ్మంది. చంపొద్దని ఎక్కడా అనలేదు. మొదట్లో ఇంకా వింతగా ఉండేది, చాలా చోట్ల రెక్కల బరువు చేప బరువులో 5 శాతం దాటకపోతే చాలు అనేవాళ్లు, దాంతో పడవలో ఒక గుట్ట రెక్కలు, ఒక గుట్ట మొండేలు ఉంటే ఏది దేనిదో తేల్చే దిక్కు లేదు. ఐరోపా సమాఖ్య 2003లో నిషేధం పెట్టి, ఈ సందు మూయడానికి 2013 దాకా తీసుకుంది. అప్పటి నుంచి రెక్కలు ఒంటికి అతుక్కునే ఒడ్డుకి రావాలి.

సరే, చేప మొత్తం ఒడ్డుకి వచ్చింది. వచ్చాక దాన్ని ఏదో ఒకటి చెయ్యాలి కదా! మాంసానికి మార్కెట్ వెతికారు, దొరికింది. కాలేయం నుంచి నూనె, నూనె నుంచి స్క్వాలీన్, అది సౌందర్య సాధనాల్లోకి పోతుంది. మృదులాస్థి పొడి చేసి మందుల పేరుతో అమ్మేవాళ్లున్నారు. చర్మం తోలుకి పోతుంది. ఇప్పుడు మాంసం వ్యాపారం తక్కువదేం కాదు, స్పెయిన్ పెద్ద ఎగుమతిదారు, బ్రెజిల్ పెద్ద దిగుమతిదారు, కొనేవాళ్లలో చాలామందికి తాము తింటున్నది సొరచేప అని తెలియదు, వేరే పేర్లతో అమ్ముతారు కాబట్టి. ఒకప్పుడు పారేసినది ఇప్పుడు సరుకు. నేను ఆ చట్టానికి వ్యతిరేకిని కాదు. క్రూరత్వం తగ్గింది, వృథా తగ్గింది, రెక్కలు ఒంటికే ఉంటే అది ఏ జాతో గుర్తుపట్టొచ్చు, లెక్క రాసుకోవచ్చు. కానీ నా ప్రశ్నకి జవాబు మాత్రం: లేదు, తగ్గలేదు.

అసలు ఇవి ఎలా చస్తున్నాయో చూద్దాం, ఎందుకంటే రెక్కల గొడవలో ఈ భాగం మరుగున పడిపోయింది. నడి సముద్రంలో ట్యూనా కోసం, కత్తి చేప కోసం లాంగ్‌లైన్ వేస్తారు. పదుల కిలోమీటర్ల పొడవున్న ఒక తాడు, దానికి వేల గాలాలు, ఒక్కో గాలానికి ఎర. ఆ ఎర ట్యూనాకి ఎంత రుచో సొరచేపకీ అంతే రుచి. గంటల తరబడి అలా నీళ్లలో ఉంటుంది. నడి సముద్రంలో తిరిగే సొరచేపల్లో చాలా జాతులు ముందుకి ఈదుతూ ఉంటేనే మొప్పల మీదుగా నీరు పారి ఊపిరి అందుతుంది, గాలానికి చిక్కి కదల్లేకపోతే ఊపిరాడదు. హామర్‌హెడ్ లాంటివి ఆ పెనుగులాటకే చచ్చిపోతాయి, వదిలిపెట్టినా తర్వాత చచ్చేవి ఎక్కువ. టైగర్ షార్క్ గట్టిది, అదే పరిస్థితిలో బతికి బయటపడుతుంది. ఈ తేడా గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది.

తీరానికి దగ్గరగా గిల్ నెట్‌లు. నీళ్లలో గోడలా నిలబడే వల, కంటికి సరిగ్గా కనబడదు, దూరినది దూరినట్టే ఇరుక్కుంటుంది. అడుగున ట్రాల్ వలలు, నేలకి ఆనించి ఈడ్చుకుపోయేవి, సొరచేపలకి దగ్గరి బంధువులైన, బల్లపరుపుగా ఉండే రే చేపలు పడుకునేది సరిగ్గా అక్కడే. వీటన్నిటినీ కలిపి బైక్యాచ్ అనేసి ఊరుకుంటాం, అంటే అనుకోకుండా పడ్డవి అని. నాకు దాంతో పేచీ ఉంది. అసలు చేప తగ్గిపోయిన సముద్రంలో పడవ డీజిల్ ఖర్చు ఈ అనుకోకుండా పడ్డవాటితోనే గిట్టుబాటవుతుంటే, వాటిని దాచుకుని అమ్ముకుంటుంటే, ఇంక అది అనుకోకుండా పడ్డది ఎలా అవుతుంది? ఆ మాట వాడినంతకాలం దానికి ఒక పరిమితి పెట్టాలన్న ఆలోచనే రాదు.

మిగతా చేపలకీ వీటికీ తేడా ఏమిటని మీరు అడగొచ్చు. కాడ్ చేప ఒక్కసారికి లక్షల్లో గుడ్లు పెడుతుంది, పెద్ద ఆడదైతే కొన్ని మిలియన్లు. అందులో తొంభై తొమ్మిది శాతానికి పైగా పోయినా, ఒక మంచి ఏడాది వస్తే మంద లేస్తుంది. సొరచేపలు, రే చేపలు ఆ దారిలో వెళ్లలేదు. ఆలస్యంగా ఎదగడం, తక్కువ పిల్లల్ని కనడం, కన్న పిల్లని గట్టిగా కనడం, చాలాకాలం బతకడం. మనుషులు లేని సముద్రంలో ఇది అద్భుతమైన పద్ధతి, 40 కోట్ల సంవత్సరాలకి పైగా నడిచింది. పశ్చిమోత్తర అట్లాంటిక్‌లోని గ్రేట్ వైట్ ఆడచేపకి పిల్లల్ని కనే వయసు వచ్చేది 33 ఏళ్లకి అని 2015 నాటి అంచనా. గ్రీన్‌లాండ్ షార్క్‌కి దాదాపు 150 ఏళ్లు! అంటే విక్టోరియా రాణి కాలంలో పుట్టిన చేప ఇప్పుడిప్పుడే తల్లి అవుతోంది. మాంటా రే రెండు నుంచి ఐదేళ్లకి ఒక్క పిల్లని కంటుంది. స్పైనీ డాగ్‌ఫిష్ అనే చిన్న సొరచేప గర్భం రెండేళ్ల దాకా నడుస్తుంది, ఏనుగు కన్నా ఎక్కువ. శాండ్ టైగర్ సంగతి వింటే ఒళ్లు జలదరిస్తుంది, తల్లి కడుపులో రెండు గర్భాశయాలు, ఒక్కోదాంట్లో ముందు ఎదిగిన పిల్ల మిగతావాటిని తినేస్తుంది, చివరికి పుట్టేది రెండే. అలా పుట్టేసరికే మీటరు పొడవుంటుంది, దాన్ని తినే ధైర్యం ఎవరికీ ఉండదు. అంత జాగ్రత్తగా కన్న పిల్ల గిల్ నెట్ ముందు మాత్రం ఏమీ చెయ్యలేదు.

దీని అర్థం వేటలో ఏమిటో చెప్తాను. ఉత్తర అట్లాంటిక్‌లో షార్ట్‌ఫిన్ మాకో ఉంది, సముద్రంలో అత్యంత వేగంగా ఈదే సొరచేప. అక్కడి ట్యూనా వేటని చూసే అంతర్జాతీయ సంఘం ఐసీక్యాట్, దాని శాస్త్రవేత్తలు 2019లో ఒక లెక్క ఇచ్చారు. ఈ రోజు నుంచి ఒక్క మాకో కూడా చావకపోతే, వినండి, ఒక్కటి కూడా, 2045 నాటికి మంద కోలుకునే అవకాశం 53 శాతం. పాతికేళ్లు సున్నా చావులు, అప్పటికీ బొమ్మా బొరుసా! అది విన్నాక సభ్య దేశాలు ఏం చేశాయి? రెండేళ్లు వాదించుకున్నాయి, 2021లో ఒప్పుకున్నాయి, 2022 నుంచి పట్టినవి ఉంచుకోకూడదన్నాయి.

ఇప్పుడు రే చేపల దగ్గరికి వస్తాను, నిజానికి వీటి కోసమే ఈ ప్రసంగానికి ఒప్పుకున్నాను. సొరచేపలకి సినిమాలున్నాయి, టీవీలో ప్రత్యేక వారాలున్నాయి, వాటికి భయపడేవాళ్లూ అభిమానులూ ఉన్నారు. రే చేపకి ఎవరున్నారు? బల్లపరుపుగా ఇసుకలో పడుకుంటుంది, మాంటా తప్ప మిగతావి ఎవరికీ పట్టవు. కానీ జాతుల సంఖ్య చూస్తే సొరచేపల కన్నా ఇవే ఎక్కువ, ప్రమాదంలో ఉన్న శాతమూ వీటిలోనే ఎక్కువ. 2021లో ఈ వర్గం మొత్తాన్నీ, అంటే సొరచేపలు, రే చేపలు, వాటి దాయాదులైన కైమేరాలు, కలిపి 1,199 జాతుల్ని మళ్లీ అంచనా వేశారు. 391 జాతులు ప్రమాదంలో ఉన్నాయని తేలింది. ఆ 391లో ప్రతిదానికీ మితిమీరిన వేట ఒక కారణం, మూడింట రెండు వంతుల జాతులకి అదొక్కటే కారణం. వాతావరణ మార్పు, ప్లాస్టిక్ అని మనం చాలా మాట్లాడతాం, మాట్లాడాలి కూడా, కానీ ఈ చేపల విషయంలో ముందు నిలబడేది వలా గాలమూ.

2023 డిసెంబర్‌లో జావా స్టింగరీ అనే ఒక రే చేప అంతరించిపోయిందని ప్రకటించారు. మనుషుల కారణంగా పూర్తిగా అంతరించిందని అధికారికంగా తేల్చిన మొదటి సముద్రపు చేప అది. మనకి దొరికిన నమూనా ఎన్ననుకుంటున్నారు? ఒక్కటే. 1862లో జకార్తా చేపల మార్కెట్లో కొన్నది. ఆ తర్వాత ఎంత వెతికినా మళ్లీ కనబడలేదు, ఆ తీరంలో విపరీతమైన వేట, తీరం రూపమే మారిపోవడం, రెండూ కలిసి దాన్ని తుడిచేశాయి. ఆ వార్త ఎన్ని పత్రికల్లో మొదటి పేజీలో వచ్చిందో మీరే చెప్పండి.

ఐరోపాలో ఇంకో కథ. అక్కడ కామన్ స్కేట్ అని ఒక పెద్ద రే చేప ఉండేది, పేరులోనే ఉంది, ఎక్కడ పడితే అక్కడ దొరికేదని. 1981లో ఒక శాస్త్రవేత్త ఐరిష్ సముద్రంలో ఇది పోయిందని రాశాడు. దాన్ని ప్రత్యేకంగా ఎవరూ వేటాడలేదు, వేరే చేపల కోసం లాగిన ట్రాల్ వలల్లో పడి పోయింది, పుట్టిన పిల్లే వలలో చిక్కేంత పెద్దది మరి. ఆ తర్వాత, 2010 దరిదాపుల్లో తేలిందేమిటంటే, కామన్ స్కేట్ అనుకున్నది అసలు ఒక జాతి కాదు, రెండు. చిన్నదాని పేరు బ్లూ స్కేట్, పెద్దదాని పేరు ఫ్లాపర్ స్కేట్. రెండింటినీ ఒకే పేరు కింద రాసుకున్నన్నాళ్లూ పెద్దది తగ్గిపోవడం లెక్కల్లో కనబడలేదు. ఫ్లాపర్ స్కేట్ గుడ్డు పొదగడానికి ఏడాదిన్నర పడుతుంది. ఆ ఏడాదిన్నరా ఆ గుడ్డు సముద్రపు నేల మీద అలా పడి ఉండాలి, దాని మీదుగా ఏ ట్రాలూ వెళ్లకుండా.

రంపపు చేపలు కూడా రే చేపలే, పేరు విని సొరచేప అనుకుంటారు. ముఖానికి ముందు పళ్ల రంపం, దాన్ని ఝళిపించి చేపల్ని కొడుతుంది. వలకి అది ఎంత తేలిగ్గా చిక్కుతుందో చెప్పక్కర్లేదు, ఏ రకం వలైనా సరే, ఆ రంపం తగిలితే చాలు. ఒకప్పుడు 90 దేశాల తీరాల్లో ఉండేవి, ఇప్పుడు అందులో 55 దేశాల్లో లేవనే అనుకుంటున్నారు. గిటార్ చేపలు, వెడ్జ్ చేపలు ఇదే బాటలో ఉన్నాయి, రెక్కల మార్కెట్లో అన్నిటికన్నా ఖరీదైన వాటిలో ఇవి ఉన్నాయి. సొరచేప రెక్కలు అని మనం పిలిచే సరుకులో రే చేపలున్నాయన్నమాట. మాంటాలకీ డెవిల్ రేలకీ ఇంకో గండం, మొప్పల దగ్గర నీటిని వడగట్టుకునే పలకలు ఎండబెట్టి మందుగా అమ్ముతారు. అవి ఏ జబ్బునీ నయం చేసినట్టు ఆధారం లేదు.

ఒక్క నిమిషం పక్కకి వెళ్తాను, ఇది మన వైపు వాళ్ల తప్పు గురించి, అంటే సంరక్షణ గురించి మాట్లాడేవాళ్ల తప్పు. పెద్ద సొరచేపలు పోతే సముద్రమే కూలిపోతుంది అని మనం తరచూ అంటాం. 2007లో ఒక ప్రసిద్ధ పరిశోధన వచ్చింది, అమెరికా తూర్పు తీరంలో పెద్ద సొరచేపలు తగ్గాయి, అందుకని కౌనోస్ రే చేపలు పెరిగాయి, అవి ఆల్చిప్పల్ని తినేశాయి, అక్కడి ఆల్చిప్పల వేట మూతపడింది అని. చక్కటి గొలుసు కథ, పాఠాల్లోకి ఎక్కింది. దాని ఫలితం? చెసాపీక్ అఖాతాన్ని కాపాడాలంటే రే చేపని తినండి అని ప్రచారం మొదలైంది, వాటిని చంపే పోటీలు పెట్టారు. ఆ కౌనోస్ రే ఏడాదికి ఒక్క పిల్లని కనే చేప! 2016లో వేరే బృందం ఆ లెక్కల్ని మళ్లీ తిరగేసి, కాలక్రమం పొసగడం లేదని, ఆల్చిప్పలు తగ్గింది రే చేపల వల్ల అనడానికి ఆధారం చాలదని చూపించింది. 2017లో ఆ తీరంలోని మేరీలాండ్ రాష్ట్రం ఆ పోటీలని ఆపింది. సొరచేపని కాపాడమని చెప్పిన కథ రే చేపని చంపించింది. అందుకే సముద్రం కూలిపోతుందని భయపెట్టి అడగడం నాకు ఇష్టం ఉండదు. కొన్ని చోట్ల వాటి పాత్ర పెద్దది, కొన్ని చోట్ల మనకి ఇంకా స్పష్టత లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పినా కాపాడడానికి కారణాలు చాలినన్ని ఉన్నాయి.

సరే, ఏడుపు చాలు. ఎక్కడ చావులు తగ్గాయో చూద్దాం, ఎందుకంటే తగ్గిన చోట్లు ఉన్నాయి, తగ్గిన ప్రతిచోటా కారణం దాదాపు ఒకటే: ఎన్ని చావొచ్చో ఒక హద్దు పెట్టి, దాన్ని అమలు చేశారు. అమెరికా ఈశాన్య తీరంలో బార్న్‌డోర్ స్కేట్ అంతరించే దశలో ఉందని 1998లో గొడవైంది. జార్జెస్ బ్యాంక్ దగ్గర కొన్ని ప్రాంతాల్లో వేట అప్పటికే 1994 నుంచి మూసేశారు, వేరే చేపల కోసమే అనుకోండి, తర్వాత 2003లో ఈ స్కేట్‌ని ఉంచుకోవడమే నిషేధించారు. అది ఎంత కోలుకుందంటే 2018లో కొద్ది మోతాదులో మళ్లీ పట్టుకోనిచ్చారు. అక్కడే స్పైనీ డాగ్‌ఫిష్ కథ. 1990లలో పెద్ద చేపకి ధర ఎక్కువని వాటినే ఏరి పట్టారు, ఆ పెద్దవన్నీ గర్భంతో ఉన్న తల్లులు. పిల్లలు పుట్టడమే పడిపోయింది. కోటాలు గట్టిగా బిగించారు, 2010కి మంద కోలుకుందని ప్రకటించారు. ఫ్లోరిడాలో ఓటర్లు 1994లో రాష్ట్రపు నీళ్లలో గిల్ నెట్‌లని ఓటేసి మరీ తీసేయించారు, రంపపు చేప ఇంకా మిగిలి ఉన్న కొద్ది చోట్లలో అది ఒకటి కావడానికి ఆ ఓటు పెద్ద కారణం.

గుజరాత్ తీరం సంగతి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఒకప్పుడు అక్కడ వేల్ షార్క్‌ని కాలేయపు నూనె కోసం చంపేవాళ్లు. 2001లో చట్టం రక్షణ ఇచ్చింది, కానీ మార్పు వచ్చింది 2004లో ప్రచారం మొదలయ్యాక, మత్స్యకారులతో కూర్చుని మాట్లాడాక, చేపని వదలడానికి కోసిన వలకి పరిహారం ఇస్తామన్నాక. అప్పటి నుంచి వందల కొద్దీ వేల్ షార్క్‌లని వాళ్లే వల కోసి వదిలారు. వాళ్లని దొంగలుగా చూసి ఉంటే ఇది జరిగేది కాదు.

అయితే డబ్బిస్తే చాలు అనుకోకండి. ఇండోనేషియాలో చిన్న పడవల వాళ్లకి హామర్‌హెడ్‌నీ వెడ్జ్ చేపనీ బతికుండగా వదిలితే డబ్బు ఇచ్చే ప్రయత్నం జరిగింది. వదిలినట్టు వీడియో తీసి చూపించాలి. వదిలినవాటిని లెక్కేస్తే పథకం బ్రహ్మాండం. కానీ ఆ పరిశోధకులు మంచి పని చేశారు, పథకం లేని పడవలతో పోల్చి చూశారు. కొంతమంది ఆ డబ్బు కోసమే ఈ చేపలు పడే తీరుగా వేట మార్చుకున్నారు. వెడ్జ్ చేప గట్టిది కాబట్టి వదిలితే బతుకుతుంది, కొంత మేలు జరిగింది. హామర్‌హెడ్ పైకి లాగేసరికే చచ్చి ఉంటుంది కదా, దానికి మేలు జరగకపోగా చావులు పెరిగాయి. ఇందాక గుర్తుంచుకోమన్నది ఇందుకే. ఆ తర్వాత వాళ్లు పథకాన్ని సవరించే పనిలో పడ్డారు. నాకు ఈ పరిశోధన చాలా ఇష్టం, ఎందుకంటే వాళ్లు తమ పథకాన్ని నా ప్రశ్నే అడిగారు, జవాబు నచ్చకపోయినా దాచుకోలేదు.

సామాన్లు మార్చి కూడా చావులు తగ్గించొచ్చు. లాంగ్‌లైన్‌లో గాలానికి ముందు ఉక్కు తీగ ఉంటే సొరచేప తప్పించుకోలేదు, నైలాన్ దారం ఉంటే కొరికి పోతుంది. పశ్చిమ మధ్య పసిఫిక్‌లో ట్యూనా వేటని చూసే సంఘం భూమధ్యరేఖకి ఇటు 20 డిగ్రీలు అటు 20 డిగ్రీలు ఉక్కు తీగలు వద్దని 2022లో తీర్మానించింది, 2024 నుంచి అమలు. ఖర్చు పెద్దగా లేదు. మెక్సికోలోని బాహా కాలిఫోర్నియాలో గిల్ నెట్‌లకి ఆకుపచ్చ ఎల్‌ఈడీ దీపాలు కడితే సొరచేపలు, రే చేపలు పడడం 95 శాతం తగ్గింది, అమ్ముకునే చేప మాత్రం తగ్గలేదు, పైగా వల లాగి విడదీసే టైం కలిసొచ్చింది. గాలం పక్కన చిన్న విద్యుత్ పరికరం పెడితే బ్లూ షార్క్‌లు 91 శాతం తక్కువ పడ్డాయని 2022లోనే ఇంకో ప్రయోగం. సొరచేపలకి, రే చేపలకి ముక్కు దగ్గర విద్యుత్తుని పసిగట్టే అవయవాలున్నాయి, మిగతా చేపలకి ఎక్కువగా లేవు, ఆ తేడా మీద పని చేస్తుందది. ఇవన్నీ ప్రయోగాలు, ప్రతి సముద్రంలో అదే ఫలితం వస్తుందని నేను చెప్పను, కానీ ఇవి ఇంకా ప్రయోగాలుగానే ఎందుకు మిగిలిపోయాయని అడుగుతాను.

అభయారణ్యాల మాట. 2009లో పలావు దేశం తన సముద్రం మొత్తాన్నీ సొరచేపల అభయారణ్యం అని ప్రకటించింది, తర్వాత మాల్దీవులు, బహామాస్, మార్షల్ దీవులు. 58 దేశాల్లో 371 పగడపు దిబ్బల దగ్గర కెమెరాలు దింపి చూసిన అధ్యయనం 2020లో వచ్చింది, దాదాపు 20 శాతం దిబ్బల దగ్గర ఒక్క సొరచేప కూడా కనబడలేదు. అదే అధ్యయనంలో ఇంకోటి తేలింది, అభయారణ్యాలున్న చోట, వేట మీద హద్దులున్న చోట, గిల్ నెట్‌లూ లాంగ్‌లైన్‌లూ లేని చోట పరిస్థితి మెరుగు. కాబట్టి దిబ్బల దగ్గర ఉండే జాతులకి ఇవి పని చేస్తాయి. సముద్రాలు దాటి తిరిగే వాటికి ఒక దేశం గీసిన గీత ఏం చేస్తుంది? నడి సముద్రంలో తిరిగే సొరచేపలు, రే చేపలు 1970 నుంచి 71 శాతం తగ్గాయి. అయితే మొదట చెప్పిన 2024 అధ్యయనంలో ఒక మంచి మాట కూడా ఉంది: తీరాల్లో చావులు 4 శాతం పెరిగినా, నడి సముద్రపు వేటలో 7 శాతం తగ్గాయి. కొన్ని జాతుల్ని ఉంచుకోవద్దని ట్యూనా సంఘాలు పెట్టిన నియమాలు అక్కడ కొంత పని చేసినట్టున్నాయి. తీరాన్నే మనం వదిలేశాం.

ప్రశ్నలకి టైం ఉందా? ఉంది, రెండు తీసుకుంటాను.

మొదటిది ఆ అబ్బాయి అడిగింది, సైటీస్ వల్ల ఏమైనా లాభం ఉందా అని. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం అది. 2013లో బ్యాంకాక్‌లో హామర్‌హెడ్‌లు, ఓషానిక్ వైట్‌టిప్ అనే సొరచేప, మాంటాలు రెండో అనుబంధంలోకి వచ్చాయి, 2019లో మాకోలు, వెడ్జ్ చేపలు, 2022లో పనామాలో రిక్వియమ్ సొరచేపల కుటుంబం మొత్తం. రెండో అనుబంధం అంటే నిషేధం కాదు, ఈ ఎగుమతి వల్ల జాతికి ముప్పు లేదని ఆ దేశపు శాస్త్రవేత్తలు చెప్తేనే పర్మిట్. 2025 చివర్లో సమర్కండ్‌లో వేల్ షార్క్, మాంటాలు, డెవిల్ రేలు, వైట్‌టిప్ మొదటి అనుబంధంలోకి వెళ్లాయి, అంటే వ్యాపారం బంద్. లాభం ఉంది, అయితే అది సరిహద్దు దాటే సరుకు మీద మాత్రమే. దేశం లోపలే తినేసే మాంసం దాని కంట పడదు.

రెండోది, వెనక కూర్చున్న అమ్మగారు అడిగారు: ఉంచుకోకూడదు అంటే అప్పటికే చచ్చిన చేపని కూడా సముద్రంలో పడేయాలా, అది వృథా కాదా? చాలా మంచి ప్రశ్నండి. అవును, వృథానే. కానీ చచ్చినవి తెచ్చుకోవచ్చంటే గాలానికి బతికి వచ్చినవీ పడవ మీద చచ్చిపోతాయి, అది ఇదివరకు జరిగిందే. అందుకే పడకుండా చూసే నైలాన్ దారం, దీపాలు, ఏ కాలంలో ఎక్కడ వల వెయ్యకూడదన్న నియమం ముందు ఉండాలి, ఉంచుకోవద్దన్నది దాని తర్వాత. ఇంక అది నిజంగా పాటిస్తున్నారా లేదా? లాంగ్‌లైన్ పడవల మీద పరిశీలకులు ఉండాల్సింది చాలా ట్యూనా సంఘాల నిబంధన ప్రకారం వేటలో కనీసం 5 శాతానికే. మిగతా 95 శాతంలో ఏం పడిందో, దాన్ని ఏం చేశారో పడవ వాళ్లు రాసిచ్చిన లెక్కే మనకి దిక్కు. కెమెరాలు పెట్టమని ఇప్పుడు ఒత్తిడి వస్తోంది, కొన్ని దేశాలు పెడుతున్నాయి. వైట్‌టిప్‌ని ఉంచుకోవడం పదేళ్ల పైబడి అన్ని ట్యూనా సంఘాల్లోనూ నిషేధమే, అయినా దాని రెక్కలు హాంకాంగ్ మార్కెట్లో కనబడుతూనే వచ్చాయి, అవి ఎక్కడో ఒక పడవ మీద కోసినవే కదా.